పచ్చకామెర్ల పేరా

నా ఆఫీసు బీరువాల్లోని ఫైళ్లన్నీ దించి చదివితే, ఈ జిల్లాలో పచ్చకామెర్లు రాని మనిషే లేడనిపిస్తుంది. గడువులోగా కోర్టుకు రాలేకపోయినవాళ్లు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్ వేసుకోవాలి. ఎందుకు ఆలస్యమైందో అఫిడవిట్‌లో ప్రమాణం చేసి చెప్పాలి. ఆ కారణం దగ్గరికి వచ్చేసరికి నేను పచ్చకామెర్లు రాసేదాన్ని. టైఫాయిడ్ అంటే రక్తపరీక్ష కాగితం అడుగుతారు. కాలు విరిగిందంటే ఎక్స్‌రే అడుగుతారు. కామెర్లకైతే ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు తాగి, ఉప్పూ నూనే మానేసి, మంచాన పడి ఉన్నామంటే చాలు, రసీదు అడిగేవాడు ఉండడు. సీనియర్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే. ఆయన నవ్వుతూ నేర్పారు, నేను నవ్వుతూ నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్లు నవ్వుతూనే రాశాను.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. నేను ఈ గడ్డ మీదే పుట్టాను. ఇంట్లో ఒక యాస, కోర్టు మెట్ల మీద ఇంకో యాస. నోటి దురుసు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ దురుసుకు తోడు తొందర. ఒక మనిషి తన కష్టం మొదటినుంచి చెప్పడం మొదలుపెడితే నా కాళ్లు బల్ల కింద ఊగడం మొదలయ్యేవి. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ గురించి విన్నప్పుడు నాకోసమే చేశారనుకున్నాను.

కక్షిదారు మాట్లాడితే ఫోన్‌లో రికార్డు చేస్తాం. అది ఆ రికార్డు విని, పేరు, ఊరు, కేసు నంబరు, ఆలస్యానికి కారణం అన్నీ ఎక్కడివక్కడ నింపి, ఇంగ్లీషులో పిటిషన్, అఫిడవిట్ తయారుచేసి ఇస్తుంది. పాత ఫైళ్లు చూపిస్తే మన ఆఫీసు పద్ధతి నేర్చుకుంటుందన్నారు. నా గుమాస్తా నెలరోజులు కూర్చుని బీరువాలన్నీ స్కాన్ చేశాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు, నాకంటే ముందు నా సీనియర్ దగ్గర పనిచేసిన మనిషి. మొదట్లో "మిషన్ రాస్తే కాగితానికి పాణముంటదా మేడమ్" అని గొణిగాడు. పది రోజులు తిరక్కుండానే దాన్ని "మనోడు" అనడం మొదలుపెట్టాడు. "మనోడు పొద్దుగాల్నే ఆరు ఏసిండు మేడమ్, సంతకాలు పెట్టుండ్రి" అనేవాడు. నేను టీ తాగుతూ పెట్టేదాన్ని.

అఫిడవిట్ చివర ఒక వాక్యం ఉంటుంది. ఇందులోని విషయాలు తెలుగులో చదివి వినిపించగా, అర్థం చేసుకుని, సరైనవేనని ఒప్పుకుని నా ఎదుట వేలిముద్ర వేశారు అని. దాని కింద వకీలు సంతకం. అంతకుముందు గుమాస్తా కనీసం బస్సు కండక్టరు స్టేజీలు చదివినట్టు గడగడా చదివేవాడు. కక్షిదారు మధ్యలో "అది కాదు సార్" అంటే ఆగేవాడు. ఇప్పుడా వాక్యం ముందే అచ్చయి వస్తోంది. అచ్చయిన దాన్ని మళ్లీ నోటితో చెయ్యాలన్న సంగతి ఆయన మరిచిపోయాడు. నేనూ మరిచిపోయాను.

ఆమె ఒక ఆదివారం వచ్చింది. వెలిమెల మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద ఊడ్చే పని. మొగుడికి రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఊళ్లో వాళ్లకు రెండు గదుల ఇల్లు ఉంది, మొగుడి తాత కట్టింది. చుట్టూ విల్లాలు కడుతున్న ఒక కంపెనీ ఆ జాగా తమ సర్వే నంబరులోకి వస్తుందని దావా వేసింది. సమన్లు వస్తే వేలిముద్ర వేసి తీసుకుంది కానీ కోర్టుకు రాలేదు. ఆమె లేకుండానే తీర్పయిపోయింది. ఏడు నెలలు గడిచాక కోర్టు అమీనా వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

"ఆయనను పండవెట్టనీకి గా రెండు అర్రలే ఉన్నయి మేడమ్," అంది. "గవి పోతే మనిషిని ఎక్కడ పండవెట్టాలె?"

ఆలస్యాన్ని మన్నిస్తే తీర్పు పక్కనపెట్టి, కేసు మొదటినుంచి నడపమని అడగొచ్చు. లేకపోతే ఇల్లు పోయినట్టే. ఇది చెప్పి, ఆమె ముందు ఫోన్ పెట్టి, "చెప్పమ్మా, మొదటికెల్లి అంతా చెప్పు" అని నేను లోపలి గదిలోకి వెళ్లి వేరే ఫైలు చూసుకున్నాను. అరగంట పైనే చెప్పింది. నా గదిలోకి గొంతు వినపడుతూనే ఉంది, మాటలు వినలేదు. తరువాత అచ్చయి వచ్చిన కాగితాల మీద వేలిముద్రలు వేసి వెళ్లిపోయింది.

మా పిటిషన్‌కు జవాబుగా అవతలి పక్షం కౌంటరు నెల తరువాత వచ్చింది. బార్ రూములో అన్నం డబ్బా విప్పుకుంటూ తీసి చూశాను. రెండు పేజీల కౌంటరు, వెనక ఏడు నెలల హాజరు పట్టీ. ఆదివారాలు తప్ప ఒక్క రోజు నాగా లేదు. రోజూ గేటు దగ్గర మిషన్ మీద వేలు పెట్టిన టైములు, లోపలికి ఒకటి, బయటికి ఒకటి. మంచం దిగలేని మనిషి రోజూ డ్యూటీకి ఎలా వెళ్లిందో పిటిషనర్ చెప్పాలని రాశారు.

మంచమేమిటని మా అఫిడవిట్ తీశాను. నాలుగో పేరా. తీవ్రమైన పచ్చకామెర్లతో బాధపడుతూ, నాటు వైద్యుని సలహాపై ఏడు నెలల పాటు మంచం దిగలేకపోయినందున అని ఉంది. ఏడు నెలల కామెర్లు! ఏడు నెలలు కామెర్లుంటే మనిషికి కోర్టుతో పనేముంది, నేరుగా కాటికే. కింద చదివి వినిపించిన వాక్యం. దాని కింద నా సంతకం, చక్కగా, వంకర లేకుండా. డబ్బా మూత పెట్టేశాను.

ఆఫీసుకు వెళ్లి ఫైలు గుమాస్తా బల్ల మీద విసిరాను.

"ఏందిది?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "మనోడు ఏసిండు మేడమ్."

"మనోడెవడు? నీ మేనమామా?"

ఆయన ఫైలు మూశాడు. "సంతకం పెట్టేటప్పుడు మీరు సూసిన్రనుకున్న మేడమ్," అన్నాడు మెల్లగా. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు రికార్డు పెట్టించుకుని విన్నాను. మొదటిసారి. వెనక ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద లారీలు, మధ్యలో ఆమె గొంతు, కంపెనీ హిందీ కలిసిన మాట.

"కోర్టు తారీకు బుధవారం వచ్చింది మేడమ్. అంతకుముందు నెలల ఆయనకు బాగలేక రెండొద్దులు నాగా పెట్టిన. ఇంకొక్క నాగా పెడితే పేరు కొట్టేస్తనన్నడు కాంట్రాక్టరు. పేరు పోతే ఈఎస్ఐ కార్డు పోతది. కార్డు మీదనే ఆయనకు మిషన్ పెడుతున్నరు. మిషన్ బందయితే నాలుగొద్దులు సుత ఉండడు. ఇల్లు పోతే పోయె, మల్ల సూసుకుందమనుకున్న. ఎవలకు చెప్పాల్నో ఎర్క లేదు. తారీకు పోయినంక బుగులైంది, ఇగ రాలె."

ఇది కారణం. ఏ జడ్జి అయినా ఆగి ఆలోచించాల్సిన కారణం. ఆ హాజరు పట్టీ మా చేతిలో ఉంటే మేమే దాఖలు చేసుకోవాల్సిన కాగితం. సాఫ్ట్‌వేర్ టైపు చేసిన దాంట్లో ఆ మాటలున్న చోట "స్పష్టంగా లేదు, స్పష్టంగా లేదు" అని వరసగా ఉంది. దానికి ఆమె మాట ఎక్కలేదు. కారణం గడి ఖాళీగా ఉంచకూడదని, మా ఫైళ్లలో ఎక్కువసార్లు కనబడిన కారణం తెచ్చి అతికించింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నా ఫైళ్లు మేసి పెరిగినదానికి ఇంకెలా కనబడుతుంది? దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అది నా దగ్గరే నేర్చుకుంది.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్," అన్నాడు గుమాస్తా. "నాటు వైద్యుని తాన చీటీ తెస్త. పొద్దుగాల మందు తాగి, కష్టపడుకుంట డ్యూటీకి పోయిందని రాయిద్దం. కామెర్లు ఉన్నోళ్లు పనికి పోవద్దని ఏమన్న కానూన్ ఉన్నదా?"

ఇక్కడ నేను ఏమన్నానో దాటేసి రాయొచ్చు. "తీసుకురా" అన్నాను.

చీటీ శనివారానికి వచ్చింది. ఆదివారం ఆమె వచ్చింది. చీటీ బల్ల మీద పెట్టుకుని, అఫిడవిట్ మొత్తం మొదటినుంచి తెలుగులో చదివాను. నాలుగో పేరా దగ్గర ఆమె నవ్వింది.

"కామెర్లా? నాకా? ఉప్పుకారం లేకుంటే నాకు ముద్దే దిగదు మేడమ్."

హాజరు పట్టీ సంగతి చెప్పాను. చీటీ సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"గిట్ల రాస్తే ఇల్లు ఉంటదా?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

"ఉండొచ్చంటే ఉండనీయుండ్రి. కామెర్లయితే ఏమాయె, పాము కరిసిందని రాసినా ఏలు పెడత. యాడ పెట్టాల్నో సూపియ్యుండ్రి."

బొటనవేలు చాపి కూర్చుంది. ఫినాయిల్‌కో మరి దేనికో ఆ వేలి చర్మం ఊడిపోయి గులాబీ రంగులో ఉంది. నాకు ఆ క్షణాన నీతి పుట్టుకొచ్చిందని చెప్పుకోను. మొదట పుట్టింది భయం. ఆ చీటీ కూడా అబద్ధమని తేలితే తప్పుడు ప్రమాణం చేసిందని కేసు పడేది ఆమె మీద. ఆమె జైలుకు పోతే డయాలిసిస్‌కు ఎవరు తీసుకెళ్తారు? భయం తరువాత సిగ్గు వచ్చింది. అరగంట నోరు నొప్పి పుట్టేలా నిజం చెప్పిన మనిషి చేత, నేను వినలేదు కాబట్టి, అబద్ధానికి వేలు పెట్టించబోతున్నాను. చీటీ చింపేశాను. గుమాస్తా ముఖం తిప్పుకున్నాడు.

నా పేరు మీద నేనే ఒక అఫిడవిట్ చేత్తో రాశాను. కామెర్ల మాట ఆమె చెప్పలేదు, నా ఆఫీసు సాఫ్ట్‌వేర్ వేసింది, నేను చదవకుండా సంతకం పెట్టాను, ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు, ఆమె చెప్పిన అసలు కారణం ఇది, రికార్డు నా దగ్గరుంది. నా సంతకమే తప్పని నేనే రాసివ్వడం ఇదే మొదలు.

"జడ్జి సారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాను ఆమెతో. "కామెర్లు రాలేదు, ఎవరూ చదివి చెప్పలేదు. అంతే."

"మరి మీకేమన్న అయితదా?"

"నాకేం కాదు. నువ్వు నీ సంగతి చూసుకో."

తారీకు రోజు ఆమె నాగా పెట్టి వచ్చింది. కాంట్రాక్టరు కాళ్లు పట్టుకున్నానంది. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని కోర్టు హాలులో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. నా పేరు పిలిచారు. జడ్జిగారు నా అఫిడవిట్ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అడ్వకేట్ గారూ, చదివి వినిపించానని సంతకం పెట్టింది మీరే. వినిపించలేదని ఇప్పుడు రాసిస్తున్నదీ మీరే. ఇది నిజమైతే నేను బార్ కౌన్సిల్‌కు రాయాల్సి ఉంటుంది. వకీలుగా మీ సనదు పోవచ్చు. తెలిసే రాశారా?"

"తెలిసే రాశాను సార్."

అవతలి వకీలు లేచి, హాజరు పట్టీ బయటపడ్డాక ఆడుతున్న కొత్త నాటకం ఇదన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. జడ్జిగారు ఆమెను ముందుకు పిలిచి బోనెక్కించి, ప్రమాణం చేయించారు. గట్టిగా కాదు, మామూలుగానే అడిగారు.

"చూడమ్మా, ఈ కాగితం మీద వేలిముద్ర నీదేనా?"

"నాదే సార్."

"వేసే ముందు ఎవరైనా చదివి చెప్పారా?"

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. చెప్పు, భయపడకు అన్నాను కళ్లతోనే. ఆమె జడ్జిగారి వైపు తిరిగి, చేతులు జోడించింది.

"చదివిన్రు సార్. మేడమే చదివి చెప్పింది. మేడమ్ తప్పు ఏం లేదు. కామెర్లని నేనే చెప్పిన."

"ఆమె నాకోసం అబద్ధం చెప్తోంది సార్," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది. "రికార్డు వినండి. దయచేసి ఒక్కసారి వినండి."

"కూర్చోండి," అన్నారు జడ్జిగారు. మళ్లీ ఆమెనే అడిగారు. "కామెర్లుంటే డ్యూటీకి ఎట్లా పోయావమ్మా?"

"పోయిన సార్. గట్లనే పోయిన."

హాలులో ఎవరో నవ్వారు. ఆమెను రెండు భుజాలూ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. నీ ఇల్లు, నీ ఇల్లు అని అరవాలనిపించింది. కూర్చోమంటే కూర్చున్నాను. రికార్డు మీద అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు. మనిషే బోనులో నిలబడి కాదంటుంటే రికార్డు విని ఏం చెయ్యమంటారని జడ్జిగారు నన్ను అడిగారు.

బయట మెట్ల మీద ఆమె నాకోసం ఆగింది. ముఖంలో ఎంత నిశ్చింతో.

"ఇగ మీకేం గాదు గద మేడమ్?"

"ఎవరు చెప్పమన్నారు నిన్ను!" అని అరిచాను. జనం తిరిగి చూశారు. "ఏం చెప్పమన్నాను, ఏం చెప్పావు? బుద్ధుందా నీకు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "సెకండ్ షిఫ్టుకన్న అందుకుంట" అని గేటు వైపు నడిచింది. కన్నబిడ్డను కొట్టినట్టయింది నాకు. పిలవలేకపోయాను.

వారానికి ఆర్డరు వచ్చింది. పిటిషన్ కొట్టేశారు. ఏడో పేరాలో రాశారు: పిటిషనర్ స్వయంగా కోర్టు ముందు కామెర్ల కారణాన్నే నొక్కి చెప్పినందున, అది అబద్ధమని హాజరు పట్టీ రుజువు చేస్తున్నందున, ఆమెను నమ్మడానికి వీలులేదు. ఎనిమిదో పేరాలో, ఆమె మాటను బట్టి వకీలు మీద చర్య తీసుకోవడానికి ఆధారం లేదని రాశారు. ఒకే మాట. దాంతో ఆమె ఇల్లు పోయింది, నా సనదు మిగిలింది. ఈ రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి రోజూ చదువుకుంటాను. బార్ కౌన్సిల్‌కు నా మీద నేనే రాసివ్వొచ్చు. కాగితం తీస్తాను, రెండు లైన్లు రాస్తాను, ఆపేస్తాను. ఇంకా ఇవ్వలేదు.

పై కోర్టులో అప్పీలు వేసి స్టే అడిగాం. స్టే రాకముందే అమీనా వెళ్లాడు. నేను వెళ్లలేదు, వెళ్లే ముఖం లేదు. గుమాస్తా వెళ్లాడు. మంచం, మనిషి, సామాను ట్రాలీ ఆటోలో వేయించి ఇస్నాపూర్‌లో కిరాయి గదికి చేర్చి వచ్చాడు. వచ్చి చెప్పులు విప్పకుండానే బల్ల ముందు కూలబడి ఏడ్చాడు. "నేను గడగడ చదివినా సరిపోతుండె మేడమ్, ఆమె అప్పుడే కాదంటుండె" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసెయ్యలేదు. తారీకులు, నకళ్లు, సెక్షన్లు అది చూస్తుంది. కారణం గడి మాత్రం తీయించేశాం, అక్కడ ఖాళీ వస్తుంది, చేత్తో రాస్తాం. కామెర్లు రాయమని అడిగే కక్షిదారులు ఇప్పటికీ వస్తారు. వేరే వకీలును చూసుకోమంటాను. ఇదంతా ఎవరికి పనికొస్తుందో కానీ ఆమెకు మాత్రం పనికిరాదు.

అప్పీలులో ఇంకో అఫిడవిట్‌కు వేలిముద్ర కావాల్సి వస్తే మొన్న నేనే ఇస్నాపూర్ వెళ్లాను. వరసగా ఎనిమిది గదులు, ఒడిశా, బిహార్ పిల్లలుండేవి, చివరిది వీళ్లది. సగం గది మంచానికే సరిపోయింది. మంచం మీద ఆమె మొగుడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఈఎస్ఐ కార్డు ఇంకా నడుస్తోందట. ఆమె నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చుంది. అఫిడవిట్ మెల్లగా రెండుసార్లు చదివాను. రెండుసార్లూ తల ఊపింది. వేలు పెట్టింది. గుడ్డతో సిరా తుడుచుకుంటూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"మేడమ్, గా దినం బోనుల నేను నిజం చెప్తే ఇల్లు నిలుస్తుండెనా?"

ఏడో పేరా నాకు కంఠతా వచ్చు. ఏడుగురు జడ్జిలు కూర్చుని అడిగినా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలను.

"లేదమ్మా," అన్నాను. "నువ్వేం చెప్పినా పోతుండె."

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. ఎన్నాళ్లుగా బిగబట్టిందో, పెద్దగా ఊపిరి వదిలింది. మంచం వైపు వంగి మొగుడి కాలు తట్టింది.

"ఇన్నవా? నా మాటతోని పోలేదంట. మేడమే చెప్పింది."